రొడ్డచేతి తీగ

రాండి, ఇట్లా దగ్గరికి జరగండి. గోడవార కూర్చున్నోళ్ళు ముందుకు రండి, ఈ గాలికి నా గొంతు అంతదూరం రాదు. లాంతరు వత్తి రొంత తగ్గిస్తా. భయమేస్తే పక్కవాళ్ళ చెయ్యి పట్టుకోండి. కుడిచెయ్యా, ఎడమచెయ్యా అని మాత్రం అడగొద్దు. ఆ మాట కథలో వస్తుంది.

పొద్దున బడి ముందర మన చిక్కుడు తీగ మళ్ళీ కొయ్యను వదిలేసి కిందికి వేలాడుతుంటే, రాత్రి దెయ్యమొచ్చి లాగేసిందని మీలో ఎవరో అన్నారు. ఎవరన్నారో నేను అడగను. ఆ మాట వినగానే నాకు ధర్మవరంలో ఈశ్వరప్ప తోట గుర్తుకొచ్చింది. దాని కథ నాకు చెప్పినవాడు ఆదెప్ప అనే నేతగాడు. ఆ రాత్రి ఆ తోటలో కూర్చున్న ఇద్దరిలో అతనొకడు. అతను చెప్పినట్టే మీకు చెబుతాను. ఒక మాట కలపను, ఒక మాట తీయను.

ధర్మవరంలో నేతగాళ్ళ వీధి దాటి, రైలుకట్ట ఎక్కి దిగితే, అవతల అరెకరం పూలతోట ఉండేది. నాలుగు వరసల కనకాంబరం, రెండు వరసల మల్లె, నడుమ ఒక గిలక బావి, బావి పక్కన సన్నగా నిటారుగా ఎదిగిన ఒక అవిసె చెట్టు. పగలు చూస్తే ఇంతే. భయపడడానికి అందులో ఏమీ లేదు.

పొద్దు వాలితే మాత్రం... ఆ దారిన మనిషి నడిచేవాడు కాదు.

నడవక తప్పనివాళ్ళు ఒక పని చేసేవాళ్ళు. తోట కంచె కనబడగానే ఎడమచెయ్యి చంకలో దాచుకునేవాళ్ళు. తోట దాటేదాకా బయటికి తీసేవాళ్ళు కాదు. బండి తోలేవాడైతే పగ్గాలు రెండూ కుడిచేతిలోకి మార్చుకునేవాడు.

ఎందుకంటే, ఆ తోటలో ఒకామె తన ఎడమచెయ్యి కోసం వెతుక్కుంటూ తిరుగుతుందని ఊరంతా అనుకునేది.

ఆమె పేరు శారదమ్మ. ఈశ్వరప్ప భార్య.

బతికున్నప్పుడు ఆమె చేతిలో ఏదో మహత్తు ఉందనేవాళ్ళు. ఏ తీగనైనా సరే, ఆమె చెట్టుకు ఎక్కించిందంటే వారం తిరక్కుండా కొమ్మ అందుకోవాల్సిందే. శంఖుపూలు, జాజి, అన్నీ. వాటన్నిటిలో ఆమెకు ప్రాణం సందెపూల తీగ. గుంతకల్లు నుంచి వచ్చిన ఒక రైలు గార్డు భార్య ఇచ్చిన గింజలట అవి. ఆకు తమలపాకంత. పువ్వు అరచెయ్యంత వెడల్పు, పాలలాగా తెలుపు. పగలంతా మొగ్గ మెలిపెట్టిన గుడ్డలా ముడుచుకొని ఉంటుంది. పొద్దు కుంకి, చూపు మసకబారే వేళకు, చూస్తుండగానే ఒక్క వణుకు వణికి విచ్చుకుంటుంది. తెల్లవారేసరికి వాడి వేలాడిపోతుంది. అంటే ఆ పువ్వు ముఖం చూసేది చీకటొక్కటే.

శారదమ్మది రొడ్డచెయ్యి. అదే, ఎడమచేతి వాటం. ముగ్గేసినా, పూలు కట్టినా, దారం చుట్టినా ఆ చేత్తోనే. పైగా ఆ చేతికి చిటికెన వేలు సగమే ఉండేది. చిన్నప్పుడు మగ్గం దగ్గర ఆడుకుంటూ నలగ్గొట్టుకుందట. ఈశ్వరప్పకు ఆ చెయ్యంటే గిట్టేది కాదు. మనిషి చెడ్డవాడు కాదు, ఆచారం మనిషి. ఆమె తీగ చుట్టడం చూస్తే ఒళ్ళు మండేది. మనం గుడి చుట్టూ ఎట్లా తిరుగుతాం? గుడి మన కుడిచేతి పక్క ఉండేటట్టు. ఆమె ఎడమచేత్తో తీగ పట్టుకొని చెట్టు చుట్టూ తిరిగితే, చెట్టు ఆమె ఎడమ పక్కకు వచ్చేది.

“చావుకు తిరిగినట్టు తిరుగుతావేందే! పెండ్లి కావాల్సిన పిల్ల ఉండాది ఇంట్లో” అని కసిరేవాడు.

ఆమె నవ్వేది. “తీగకు ఇదే ఇష్టం” అనేది. అంతే.

ఒకరోజు సందెవేళ ఇదే మాట మీద పెద్ద రగడైంది. “ఆ చెయ్యి విరిగిపోనూ!” అనేసి ఈశ్వరప్ప ఇంటికి వచ్చేశాడు. ఆమె ఒక్కతే తోటలో మిగిలింది. చెట్టు మొదట్లో జారిపడిన దారం తీసుకోవడానికి ఆకుల్లో చెయ్యి పెట్టింది...

కట్లపాము. ఎడమచేతికే కరిచింది.

వెతుక్కుంటూ లాంతరుతో మనుషులు పోయేసరికి ఆమె చెట్టుకు ఆనుకొని కూర్చొని ఉందట. చుట్టూ తెల్లటి పూలు విచ్చుకొని, అన్నీ ఆమె వైపే చూస్తున్నాయట.

ఆ తర్వాత ఈశ్వరప్ప అవిసె చెట్టు మీది తీగనంతా పీకి పారేశాడు. మళ్ళీ ఏ మొలక ఆ చెట్టును తాకినా తెంపేవాడు. కానీ రాలిన గింజలు ఊరుకుంటాయా? కంచె మీద, బావి గిలక కొయ్యల మీద, నేల మీద ఎక్కడ పడితే అక్కడ మొలిచాయి. ఎవరూ నాటకుండా, ఎవరూ చుట్టకుండా పాకాయి. సందెవేళ ఆ దారిన పోయేవాళ్ళకు చీకట్లో నేల బారునా తెల్లటి ముఖాలు... ఒక్కొక్కటిగా వణికి... వాళ్ళ వైపు తిరిగేవి. పట్టుచీర కుచ్చెళ్ళు ఒరుసుకున్న చప్పుడు వినబడేదని కొందరన్నారు. ఆకులేమో, గాలేమో. నిలబడి చూసినవాళ్ళు లేరు.

అట్లా మూడేళ్ళు గడిచాయి.

ఈశ్వరప్ప కూతురు నీలావతికి సంబంధం కుదిరింది. హిందూపురం పిల్లవాడు, పేరు నాగరాజు. పిల్లను చూడటానికి వచ్చినప్పుడు అతను నీలావతి నేసిన కొంగును చేతిలోకి తీసుకొని, “ఈ హంస మెడ దగ్గర పోగు మార్చినావు గదా, ఎందుకు?” అని అడిగాడట. నేత సంగతి అడిగినందుకు ఆ పిల్ల మనసు అక్కడే కుదిరింది. “నాకిష్టమే అత్తా” అని మేనత్త గంగక్క చెవిలో తనే చెప్పింది. నోరు తెరిచి ఇది కావాలని అడగని పిల్ల. అడిగింది ఆ ఒక్కటే.

కానీ ఆ ఇంట్లో ఒక పాత ఆచారం ఉండేది. దాన్ని తీగపెండ్లి అనేవాళ్ళు. ఆడపిల్ల పేరున తోటలో ఒక చెట్టు నాటుతారు. పెండ్లికి తొమ్మిది రోజుల ముందు, ఆ చెట్టు మొదట్లో ఉన్న ఒక పూలతీగ కొసను ఇంటి పెద్ద తెచ్చి, చెట్టు చుట్టూ ప్రదక్షిణంగా తిప్పి, పట్టుదారం మూడు చుట్లు చుట్టి వదలాలి. ముడి వేయకూడదు. తీగ తనంతట తాను పట్టుకోవాలి. పట్టుకొని పైకి పోతే, దాని పువ్వు పెండ్లికూతురి జడలోకి. వదిలేస్తే మాత్రం పెండ్లి నిలవదు. ఈ సంగతి హిందూపురం వాళ్ళకూ తెలుసు. నాగరాజు తల్లి రామలక్ష్మమ్మ పోతూ పోతూ ఒక మాట అనేపోయింది: “తీగ నిలిచిందని కబురు పంపండి వదినా. అప్పుడు మేము పందిరి గుంజ నాటిస్తాం.”

నీలావతి చెట్టు ఏదనుకున్నారు? ఆ అవిసె చెట్టే.

మొదటి సందె. ఈశ్వరప్ప స్నానం చేసి, తడిబట్టతో, పక్కన గంగక్క దీపం పట్టుకుంటే, మూడేళ్ళ తర్వాత ఆ చెట్టుకు సందెపూల తీగను తాకించాడు. చెట్టును కుడిచేతి పక్కన పెట్టుకొని, మర్యాదగా, కుడిచేత్తో, మూడు చుట్లు తిప్పాడు. పసుపురంగు పట్టుదారం చుట్టాడు. దండం పెట్టి తిరిగి చూడకుండా వచ్చేశాడు.

పొద్దున పోయి చూస్తే...

తీగ కొస చెట్టును వదిలేసి గాల్లో వేలాడుతోంది. దారం చెట్టు మీద లేదు. కిందా లేదు. బావిగట్టు మీద ఉంది. ఊరికే పడిలేదు. ఎవరో రెండు వేళ్ళ మీద ఎనిమిది అంకెలాగా చుట్టి, కొస లోపలికి దోపి, జాగ్రత్తగా పెట్టిన చుట్ట. మిగిలిపోయిన దారాన్ని నేతగాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళు అట్లాగే చుట్టిపెడతారు. రొంత వంకరగా ఉందంతే.

“ఎవురో పిల్లోళ్ళ చేష్ట” అన్నాడు ఈశ్వరప్ప.

రెండో సందె మళ్ళీ చుట్టాడు. ఈసారి కంచె తలుపుకు తాళం వేశాడు. పొద్దున తాళం తాళంగానే ఉంది. తీగ వేలాడుతోంది. బావిగట్టు మీద రెండో దారపు చుట్ట.

గంగక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. “రేయ్ ఈశ్వరా... నువ్వు చుట్టింది ఆమె విప్పుతాండాదిరా. కూతురి పెండ్లి ఆమెకు ఇష్టం లేదు.”

“కన్నకూతురి పెండ్లి తల్లికి ఎందుకు ఇష్టముండదక్కా?”

“నీ మీద కోపమేమో. ఆ పొద్దు నువ్వన్న మాట మర్చిపోయినావా?”

ఈశ్వరప్ప మర్చిపోలేదు. లోపల మగ్గం మీద కూర్చున్న నీలావతికి ఇదంతా వినబడింది. మగ్గం చప్పుడు ఆగిపోయింది. ఎంతసేపటికీ మళ్ళీ మొదలు కాలేదు.

ఆ సాయంత్రం ఈశ్వరప్ప ఆదెప్ప ఇంటికి వచ్చాడు. ఇద్దరూ చిన్ననాటి నుంచి పక్కపక్క మగ్గాల మీద నేసినవాళ్ళు.

“ఆదెప్పా, ఈ రాత్రి నాతో తోటలో కూర్చుంటావా?”

ఆదెప్ప ఉలిక్కిపడ్డాడు. “నాకు నడుము నొప్పప్పా.”

“నొప్పి నడుముకా, గుండెకా?”

“రెండిటికీ!” అన్నాడు ఆదెప్ప. అయినా లేచి కంబళి భుజాన వేసుకున్నాడు.

మూడో సందె. తీగ చుట్టి, దారం చుట్టి, ఇద్దరూ బావికి పది అడుగుల దూరంలో కంబళి కప్పుకొని కూర్చున్నారు. ఎడమచేతులు రెండూ చంకల్లో ఉన్నాయి. లాంతరు మధ్యలో. అవతల ఇంట్లో గంగక్క, నీలావతి బయటికి పోకుండా తన చీరకొంగును ఆ పిల్ల కొంగుతో ముడివేసి పక్కన పడుకోబెట్టుకుంది.

పూలు విచ్చుకున్నాయి. ఒకటి... రెండు... కంచె మీద, బావి మీద, వాళ్ళ కాళ్ళ దగ్గర. ఒక్కో మొగ్గ వణికినప్పుడల్లా ఆదెప్ప కూడా వణికాడు.

“ఈశ్వరప్పా... అవి మనల్నే చూస్తాండాయి.”

“పూలప్పా అవి. ఊరికే ఉండు.”

గుంతకల్లు పోయే బండి వచ్చింది. కట్ట అదిరింది. బండి పోయాక నిశ్శబ్దం ఇంకా చిక్కబడింది. బావిలో ఎక్కడో ఒక చుక్క పడింది. ఆదెప్ప రామనామం మొదలుపెట్టి, సగంలో ఎక్కడున్నాడో మర్చిపోయి, మళ్ళీ మొదటికి వచ్చాడు.

అప్పుడు ఈశ్వరప్ప అతని మోకాలు గట్టిగా పట్టుకున్నాడు.

“చూడు...”

తీగ కొస. ఇందాక చెట్టుకు అతుక్కొని ఉన్న కొస ఇప్పుడు చెట్టు నుంచి జానెడు బయటికి వచ్చి ఉంది. తల పైకెత్తి నిలబడినట్టు.

కళ్ళార్పకుండా చూశారు. కదల్లేదు. గాలి లేదు. ఆకు కూడా అల్లాడటం లేదు. ఒక్క క్షణం కళ్ళు తిప్పుకొని, లాంతరు వత్తి సరిచేసి మళ్ళీ చూశారు...

కొస ఇంకో వైపుకు తిరిగి ఉంది.

చూస్తే కదలదు. చూపు తిప్పితే మారుతుంది. ఒక చుట్టు ఊడింది. తర్వాత రెండోది. ఈశ్వరప్ప కుడిచేత్తో, మర్యాదగా, దండం పెట్టి చుట్టిన చుట్లు – ఎవరో నెమ్మదిగా, తొందర లేకుండా, వెనక్కి విప్పుతున్నట్టు – ఒక్కొక్కటే వదులైపోతున్నాయి. తోటలో వాళ్ళిద్దరు తప్ప మనిషి లేడు.

ఈశ్వరప్ప లేచి నిలబడ్డాడు. గుసగుసగా అన్నాడట:

“శారదా... నా మీద కోపముంటే నన్ను పట్టుకో. బిడ్డను వదిలెయ్.”

మూడో చుట్టు ఊడింది. పసుపు దారం సర్రున జారి, నేల మీద ఆకుల్లో పడింది.

ఆదెప్ప తనేం చేశాడో దాచకుండా చెప్పాడు నాకు. “లాంతరు ఆడనే వదిలేసి పరుగెత్తినా సారూ. చెప్పు ఒకటి ఆడే, ఒకటి కట్ట మీద. ఈశ్వరప్ప నాకంటే ముందే కట్ట ఎక్కినాడు.”

తెల్లారింది. ఈశ్వరప్ప రాత్రంతా అరుగు మీద తల పట్టుకొని కూర్చున్నాడు. మొదటి బండికి హిందూపురం పోయి పెండ్లి వద్దని చెప్పి వస్తానని పైపంచ వేసుకున్నాడు. “తీగ వదిలిన పిల్ల అని పేరు పడితే దానికి ఇంక సంబంధం రాదురా” అని గంగక్క ఏడ్చింది. “రాకపోతే ఇంట్లోనే ఉంటాది. ప్రాణంతో ఉంటాది” అన్నాడు ఈశ్వరప్ప.

నీలావతి వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

“నాయనా, ఒక్కసారి నాతో తోటకు రా. ఆ తర్వాత యాడికన్నా పో.”

“నువ్వు అటు పోకూడదమ్మా.”

“మూడేండ్లుగా నువ్వు వద్దన్న తావుకు పోలేదు, వద్దన్న చెయ్యి వాడలేదు. ఈ ఒక్క పొద్దు పోతా.”

చూశారా, ఆ పిల్లది కూడా రొడ్డచెయ్యే. చిన్నప్పుడు ఈశ్వరప్ప ఆ చేతికి గుడ్డసంచి తొడిగి మణికట్టు దగ్గర కట్టేవాడు, కుడిచెయ్యి అలవాటు కావాలని. రాత్రిపూట తల్లి వచ్చి విప్పేదట.

తోటకు పోయారు. గంగక్క, ఆదెప్ప వెనకాల. ఎండ పడుతోంది. పూలన్నీ వాడి వేలాడుతున్నాయి. తీగ చెట్టును వదిలేసి ఉంది. బావిగట్టు మీద మూడో దారపు చుట్ట ఉంది.

దాన్ని చూసి ఈశ్వరప్ప వెనక్కి తగ్గాడు. నీలావతి తగ్గలేదు. తిన్నగా గిలక కొయ్యల దగ్గరికి పోయింది.

“నాయనా, ఈ కొయ్య మీది తీగను ఎవురు చుట్టినారు?”

“ఎవురు చుడతారు? దానంతట అదే ఎక్కింది.”

“తీగకు ఇదే ఇష్టం అనేది గదా అమ్మ. ఎటు తిరిగి ఎక్కిందో చూడు.”

ఈశ్వరప్ప చూశాడు. వేలితో తీగ వెంబడి కొయ్య చుట్టూ తిరిగాడు. తిరిగేసరికి కొయ్య అతని ఎడమ పక్కకు వచ్చింది.

“రెండో కొయ్య కూడా చూడు. కంచె గుంజలూ చూడు.”

అన్నీ చూశాడు. ఒక్కటంటే ఒక్కటి కూడా ప్రదక్షిణంగా ఎక్కలేదు. అన్నీ శారదమ్మ తిరిగినట్టే తిరిగి ఉన్నాయి. మూడేళ్ళుగా ఆ తీగలు అక్కడే ఉన్నాయి. దగ్గరికి పోయి చూసినవాళ్ళు లేరు.

“అది పుట్టుకతోనే ఆ పక్కకు తిరిగే తీగ నాయనా. నువ్వు ఈ పక్కకు చుడితే, రాత్రంతా కష్టపడి విప్పుకొని తన దావలోకి తాను పోతాది. అమ్మ చేతిలో మహత్తూ లేదు, మందూ లేదు. అమ్మ చెయ్యి, తీగ ఒక్క పక్కకే తిరుగుతాయి. అంతే.”

ఈశ్వరప్ప గిలక కొయ్యను పట్టుకొని నిలబడ్డాడు. ఆ తర్వాత పిల్లల్లాగా ఏడ్చాడట. ఎవరూ ఓదార్చలేదు. కాసేపటికి తనే కళ్ళు తుడుచుకొని, మూడో చుట్టలోంచి ఒక బారెడు దారం లాగబోయాడు. నీలావతి ఆపి, జాకెట్టుకు దోపుకున్న కొత్త దారం తీసి ఇచ్చింది.

“నాకెందుకు ఇస్తావమ్మా?” అని ఆ దారాన్ని తిరిగి కూతురి చేతిలో పెట్టాడు. కుడిచేతిలో కాదు. ఎడమచేతిలో పెట్టి, ఆ గుప్పిట మూశాడు. “సందెకు నువ్వే చుట్టు.”

“పెండ్లికూతురు చుట్టకూడదురా!” అంది గంగక్క.

“ఇన్నాళ్ళూ నాకు తెలిసిన మర్యాద చాలక్కా.”

ఆ సందెకు నీలావతి చుట్టింది. తల్లిలాగే. పొద్దున చూస్తే తీగ చెట్టును గట్టిగా కరుచుకొని, నీలావతి చుట్టిన చోటు దాటి బెత్తెడు పైకి పోయింది. దారం వేసింది వేసినట్టే ఉంది. ఎనిమిదో రోజుకు చెయ్యి అందనంత ఎత్తు. తీగ నిలిచిన పొద్దే హిందూపురానికి కబురు పోయింది. సందెపువ్వు పగలు నిలవదు గదా, అందుకని ముహూర్తాన్ని రాత్రికి మార్చుకున్నారు. పెండ్లికూతురి జడలో అరచెయ్యంత తెల్ల పువ్వు పందిట్లో విచ్చుకుంటుంటే, రామలక్ష్మమ్మ ముక్కున వేలేసుకుని చూసిందట.

ఊళ్ళో భయం పోయింది. సందెవేళ ఆ దారిన మనుషులు రెండు చేతులూ ఊపుకుంటూ నడిచారు.

పూలు ముఖాలు కావు, పూలే. తీగను విప్పింది దెయ్యం కాదు, తీగే. మన చిక్కుడు తీగ కూడా అట్లాంటిదే. రేపు పొద్దున దాన్ని ఏ పక్కకు చుట్టాలో ఇప్పుడు మీకు తెలుసు.

ఇక్కడితో కథ అయిపోయిందని నేనూ అనుకున్నాను. ఆదెప్ప మాత్రం లేవలేదు. బీడీ ఆర్పేసి నా వైపు చూశాడు.

“సారూ, దారం సంగతి అడగలేదే?”

నిజమే. దారం నేల మీద ఆకుల్లో పడిందని వాళ్ళ కళ్ళతో చూశారు. తెల్లారి అది బావిగట్టు మీద ఎట్లా ఉంది? తీగ విప్పుకోగలదు. చుట్టిపెట్టలేదు కదా.

“నీలావతి పనే అనుకున్యాం” అన్నాడు ఆదెప్ప. “వాళ్ళ అత్త కన్నుగప్పి వచ్చి చుట్టిందేమోలే అని. అడిగితే లేదనింది. సిగ్గుపడి దాస్తాందనుకొని నవ్వుకున్యాం. ఆ మూడు చుట్టల్లో ఒకటి ఈశ్వరప్ప మగ్గానికి కట్టుకున్యాడు. ఒకటి పిల్ల పెట్టెలో పెట్టి హిందూపురం పంపినాడు. ఒకటి నాకిచ్చినాడు, తోడు కూర్చున్నందుకు.”

మరుసటేడు నీలావతి పురిటికి పుట్టింటికి వచ్చింది. ఒకరోజు ఆదెప్ప ఆ ఇంటికి పోయేసరికి ఆ పిల్ల ఉయ్యాల పక్కన కూర్చొని మిగిలిన దారం చుట్టుకుంటూ ఉంది. ఎడమచేతి బొటనవేలు మీదుగా, చిటికెన వేలు మీదుగా, ఎనిమిది అంకెలాగా. చుట్టి, కొస దోపి, పక్కన పెట్టింది.

ఆదెప్ప ఆ చుట్టను చూశాడు. చుట్టలోని రెండు కళ్ళూ సమానంగా ఉన్నాయి. ఎనిమిది అంకె పై సున్న ఎంతో, కింది సున్న అంతే.

పరుగున ఇంటికి పోయి, తన పెట్టెలోని పసుపు చుట్టను తెచ్చి పక్కన పెట్టాడు. దాని ఒక కన్ను పెద్దది. రెండో కన్ను అందులో సగం. మొదటిరోజు ఈశ్వరప్ప చూసి, రొంత వంకరగా ఉందనుకున్నది అదే.

“నీలా, ఇది ఇట్ల ఎందుకు చుట్టినావమ్మా?”

నీలావతి దాన్ని అరచేతిలో పెట్టుకొని చాలాసేపు చూసిందట. ఉయ్యాలలో బిడ్డ కదిలితే ఒక చేత్తో ఊపింది.

“నేను చుట్టలేదు మామా” అంది మెల్లగా. “అమ్మకు చిటికెన వేలు సగమే గదా.”

... ... ...

ఆదెప్ప ఆ చుట్టను నా చేతిలో పెట్టాడు. “నీ దగ్గర ఉండనీ సారూ. ఇంట్లో ఉంటే నాకు నిద్ర పట్టడం లేదు. నువ్వు చదువుకున్నోడివి, దీనికీ ఏదో ఒకటి చెప్తావులే.”

ఇదిగో. లాంతరు దగ్గరికి తెస్తున్నా, చూడండి. తోసుకోవద్దు. ఈ కన్ను పెద్దది, ఈ కన్ను చిన్నది... కనబడిందా? నాలుగేళ్ళయింది నా దగ్గరికొచ్చి. నేను విప్పలేదు. ఇట్లాంటిదే ఇంకో దారం తీసుకొని నా చేతికి ఎన్నోసార్లు చుట్టి చూశాను. కుడిచేతికి, ఎడమచేతికి. ఎన్నిసార్లు చుట్టినా రెండు కళ్ళూ సమానంగానే వచ్చాయి.

తీగ సంగతి మీకు చెప్పగలిగాను. దీని సంగతి నాకు తెలియదు. తెలియనిది తెలియదని చెప్పడం కూడా పాఠమే.

ఇక లేవండి. పొద్దుపోయింది, సంగటి చల్లారితే మీ అమ్మలు నన్నే తిడతారు. గుంపుగా పోండి, చిన్నపిల్లల్ని మధ్యలో పెట్టుకోండి. పోయి కడుపునిండా తినండి.

ఏయ్... ఎవరది, చెయ్యి చంకలో పెట్టుకున్నది? తియ్యి. చెడ్డదాన్ని చూసి దాచుకున్నట్టు దాచుకోవద్దు. పాపం, ఆమె పడిపోయిన దారం ఎత్తిపెట్టిపోయింది, అంతేగదా.